మంగళవారం తీసిన నెత్తురు

పోయిన వారం మనం సుప్రియను అమలాపురంలోని తల్లీపిల్లల ఆసుపత్రి ల్యాబులో, ఒక తెల్ల పింగాణీ పలక ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. పలక మీద మూడు నెత్తుటి చుక్కలున్నాయి. గ్రూపు తెలుసుకోడానికి ఒక్కో చుక్కలో ఒక్కో మందు కలిపింది. నీలం మందు కలిపిన చుక్క ఉన్నది ఉన్నట్టే ఉంది. పసుపు మందు కలిపిన చుక్క మాత్రం విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోయింది. మూడో చుక్కా అలాగే విరిగింది. అంటే ఆ నెత్తురు బి పాజిటివ్ గ్రూపుది. ట్యూబు మీద పేరు రాసి ఉన్న మగపిల్లవాడిది ఓ గ్రూపు. వాడు పుట్టిన రోజునే చూసి, కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాసి పెట్టారు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మామిడికుదురు మంగాయమ్మగారి కోడలు జ్యోతిర్మయికి మూడు కాన్పులు నిలవలేదు. నాలుగోసారి, శనివారం నాడు, కొడుకు పుట్టాడు. మంగళవారం పొద్దున వాడు పాలు తాగకుండా నీరసంగా పడి ఉంటే డాక్టర్ శ్యామ్ బాబు అనుమానపడి నెత్తుటి కల్చర్ పరీక్ష రాశారు. పసిబిడ్డ నెత్తుట్లో క్రిమి చేరితే చాలాసార్లు జ్వరం కూడా రాదు. ముందు పాలు మానేస్తుంది. తర్వాత ఏడవడం మానేస్తుంది. ఆ తర్వాత మానడానికి ఇంకేమీ మిగలదు. అందుకని మొదటి డోసు మందు పడకముందే ఒక మిల్లీలీటరు నెత్తురు తీసి, క్రిములు పెరగడానికి వీలైన ద్రవం ఉన్న బాటిల్లో కలిపి, ఒంటి వేడి ఉన్న మిషనులో ఉంచుతారు. క్రిమి ఉంటే పెరుగుతుంది. లేకపోతే అయిదు రోజులు చూసి, ఏమీ పెరగలేదని రాసి ఇస్తారు.

పరీక్ష రాయడం డాక్టరు చేతిలో పని. నెత్తురు తీయనివ్వడం మంగాయమ్మగారి చేతిలో పని. మంగళవారం పూట తమ ఇంటి పసివాడి ఒంట్లోంచి నెత్తురు బయటికి రావడానికి వీల్లేదని ఆవిడ శిశువుల వార్డు తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మందు ఎక్కించుకోండి, సెలైన్ సూది నిన్ననే పెట్టేరు కదా, నెత్తురు మాత్రం తియ్యొద్దు అన్నారు. హెడ్ నర్సు సత్యవతి వెళ్ళి ఏం చెప్పి ఒప్పించిందో గాని, అరగంటలో కల్చర్ బాటిలూ, దాంతోపాటు వంకాయరంగు మూత ఉన్న చిన్న ట్యూబూ ల్యాబుకి వచ్చేశాయి. రెంటి మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో జ్యోతిర్మయి గారి బాబు అని రాసి ఉంది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఆ బాటిల్లో క్రిమి పెరిగిందని మిషను కూసింది. సుప్రియ ఒక చుక్క గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే గులాబీ రంగు కడ్డీలు గుంపులు గుంపులుగా కనిపించాయి. చంటిపిల్లల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోయే జాతి. వార్డుకి ఫోను చేసింది. సాయంత్రానికల్లా పిల్లవాడికి పెద్ద మందు మొదలుపెట్టారు.

చిక్కంతా ఏమిటంటే, ఆ సాయంత్రమే డాక్టరుగారు స్వయంగా వాడి మడమ పొడిచి తీసిన నెత్తుట్లో ఇన్‌ఫెక్షన్ జాడే లేదు. పిల్లవాడు పొద్దుట్నుంచీ పాలు గుటకలు వేస్తున్నాడు. నెత్తుట్లో అంతటి క్రిమిని పెట్టుకుని ఎవడైనా అలా పాలు తాగుతాడా? గురువారం పొద్దున ఫ్రిజ్‌లోంచి మంగళవారం ట్యూబు తీసి సుప్రియ గ్రూపు చూడ్డానికి అదీ కారణం.

ఇక పలక దగ్గరికి వద్దాం.

సుప్రియ రెండోసారి చేసింది. మూడోసారి చేసింది. మందు పాడైందేమోనని తన వేలు తనే పొడుచుకుని చూసింది. తనది ఏ పాజిటివ్ అని మందు బుద్ధిగా చెప్పింది. బుధవారం డాక్టరుగారు తీసిన నెత్తురు పెట్టి చూస్తే, షీటులో ఉన్నట్టే ఓ అని చెప్పింది. మంగళవారం ట్యూబు ఒక్కటే బి, బి, బి అని మూడుసార్లూ ఒకే మాట చెప్పింది. అంటే ట్యూబులో ఉన్నది వాడి నెత్తురు కాదు. బాటిల్లో ఉన్నదీ కాదు.

మరి ఎవరిది?

మంగళవారం ఆ వార్డులో నలుగురు పిల్లలున్నారు. సుప్రియ రిజిస్టరు తెరిచి వేలు పెట్టుకుని చదివింది. ఇద్దరు ఓ. ఒకరు ఏ. నాలుగో వరస దగ్గర వేలు ఆగిపోయింది. కరుణ గారి పాప. ఆదివారం పుట్టింది. బరువు రెండు కిలోల వంద గ్రాములు. పచ్చకామెర్లకి నీలం లైటు కింద ఉంచారు. గ్రూపు బి పాజిటివ్. ఆఖరి గడిలో, బుధవారం పదకొండు గంటలకి డిశ్చార్జి అని ఉంది.

పదకొండింటికి పిల్ల ఇంటికి వెళ్ళిపోయింది. మూడింటికి దాని నెత్తుట్లో క్రిమి ఉందని తెలిసింది. అదీ ఇంకొకడి పేరు మీద తెలిసింది.

ఎదురుగా గాజుపళ్ళెంలో, ఆ క్రిమి మీద ఏ మందు పనిచేస్తుందో చూడ్డానికి బాటిల్లోంచే నేరుగా పెట్టిన పరీక్ష పొద్దున్నే తయారై కూర్చుంది. పన్నెండు మందుల బిళ్ళల్లో పదింటి చుట్టూ క్రిమి దర్జాగా పెరిగింది. రెండింటి చుట్టూ మాత్రం ఖాళీ వలయాలున్నాయి. బతికించే మందు పేరు తన చేతిలో ఉంది. అది పడాల్సిన ఒళ్ళు కాట్రేనికోన అవతల, రొయ్యల చెరువుల గట్టు మీద ఎక్కడో ఉంది. ఆ మందు మాత్రం నిన్నట్నుంచీ అక్కర్లేని పిల్లవాడి నరంలోకి బొట్టుబొట్టుగా పోతోంది.

డాక్టరు శ్యామ్ బాబు పై అంతస్తులో ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. కవల పిల్లల సిజేరియన్, బిడ్డల్ని అందుకుని, చూసి కిందికి రావడానికి ఇంకో గంట పడుతుంది. సుప్రియ గంట ఆగలేదు. వార్డుకి ఫోను చేసి, సత్యవతి సిస్టర్ని ఒకసారి ల్యాబుకి రమ్మంది.

సత్యవతి ఆమెకి సిస్టరు మాత్రమే కాదు, మేనత్త. సుప్రియ తల్లి పోయినప్పుడు, మాస్టారుగా పనిచేసే తమ్ముడు లాజరు ఆరేళ్ళ పిల్లని పట్టుకుని దిక్కులు చూస్తుంటే, ఆ పిల్లని తన క్వార్టర్స్‌కి తెచ్చుకుని పెంచింది సత్యవతే. పెళ్ళి మాట ఎవరెత్తినా, నాకో కూతురుంది చాలు అనేది. ల్యాబు చదువు చదివించింది. ఉద్యోగం ఇప్పించింది. ఈ ఆసుపత్రిలో చేరిన మొదటి రోజున సుప్రియ పేరు రాయకుండా ఒక ట్యూబు బల్ల మీద పెట్టబోతే, సత్యవతి అందరిముందూ చేతి మీద చెళ్ళున కొట్టింది. "పేరు లేని నెత్తురు కంటే నెత్తురు తియ్యకపోవడం నయం. ఎప్పుడూ మర్చిపోకు," అంది. సుప్రియ మర్చిపోలేదు.

సత్యవతి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మడత నలగని తెల్లచీర, ముడి కదలని జుట్టు.

"ఏమ్మా, అంత కంగారుగా పిలిచేవు? టిఫిన్ తిన్నావా?"

"అత్తా, మంగళవారం తెచ్చిన నెత్తురు ఎవరిది?"

"ఏ నెత్తురు?"

"ఇదిగో, ఈ ట్యూబులోది."

"చదువుకున్నదానివేగా. దాని మీద పేరుంది చూడు."

"పేరు జ్యోతిర్మయి గారి బాబుది. నెత్తురు బి పాజిటివ్‌ది. ఆ బాబుది ఓ."

సత్యవతి పలక వైపు చూసింది. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న కళ్ళు అవి, రెండోసారి చూడక్కర్లేదు. అయినా చూసింది.

"నీ మందు చెడిపోయుంటుంది."

"మూడుసార్లు చేశాను. నా నెత్తురుతో కూడా చూశాను. మందు బాగానే ఉంది. ఇంకేమైనా చెడిపోయిందేమో నువ్వే చెప్పు."

సత్యవతి వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. గొళ్ళెం పెట్టడం మర్చిపోయింది. వచ్చి స్టూలు మీద కూర్చుంది. కూర్చోగానే మనిషి పదేళ్ళు పెద్దదానిలా కనిపించింది.

"ఆవిడ ఏమందో నువ్వు వినలేదు సుప్రియా. వరండాలో ఇరవై మంది ఉన్నారు. అందరూ వినేట్టే అంది. 'ఏమే సత్యవతీ, మీ అమ్మ మా చేలో నాట్లు వేస్తూ వేస్తూ గట్టు మీద నిన్ను కంది. మా అత్తగారు పాతచీర పారేస్తే అందులో చుట్టి నిన్ను ఇంటికి తీసుకెళ్ళేరు. అలాంటిదానివి నువ్వు మా పిల్లవాడి నెత్తురు తీస్తావా?' అంది. నా కింద పనిచేసే పిల్లలు కూడా విన్నారమ్మా."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆయ్, అమ్మగారూ అన్నాను."

సుప్రియకి ఒళ్ళు మండిపోయింది. మంగాయమ్మ మీదా మండింది, ఆ ఆయ్ మీదా మండింది. ఈ ఆసుపత్రిలో డాక్టర్లని కూడా గదమాయించే మనిషి, ఆ ఒక్క ఆడదాని ముందు ఎందుకు ఇంత చిన్నదైపోతుందో ఆమెకి ఏనాడూ అర్థం కాలేదు.

"ఆవిడకి ఆయ్ అని చెప్పి, పక్క ఉయ్యాల్లో పిల్లని పొడిచావు."

"డాక్టరుగారు బాటిల్ ఏదని అడుగుతున్నారు. ఆవిడ తలుపు దగ్గర్నుంచి లేవట్లేదు. నన్నేం చెయ్యమంటావు? ఒక్క మిల్లీయే తీశాను. సూది పడినట్టు కూడా తెలియలేదు దానికి. ఏడవను కూడా లేదు."

సుప్రియ అత్త మొహంలోకి చూసింది.

"ఏమన్నావు?"

సత్యవతికి అప్పుడు గాని తను అన్నదేమిటో వినిపించలేదు.

"రెండు రోజుల పిల్లని సూదితో పొడిస్తే ఏడవలేదు," అంది సుప్రియ ఒక్కొక్క మాటే. "ఏడవని పిల్లని చూస్తే పరిగెత్తుకెళ్ళి డాక్టర్ని పిలవాలని మాకు చెప్పింది ఎవరు? కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకీ మొదటి రోజు ఆ పాఠం చెప్పేది ఎవరు? నీకు అనుమానం రాలేదా అత్తా?"

"నా మనసు మనసులో లేదే ఆ టైములో."

"పిల్ల ఏడవకపోవడం నీకు కలిసొచ్చింది. అంతే కదూ? ఏడిస్తే అందరూ చూసేవాళ్ళు."

అది చాలా పరుషమైన మాట. పెంచిన మనిషిని అనకూడని మాట. సుప్రియ అంది, అని వెనక్కి తీసుకోలేదు.

సత్యవతి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నీ బాటిళ్ళలో ఏముంటుందమ్మా ఎప్పుడూ?" అంది. "పది పంపితే తొమ్మిదింట్లో ఏమీ లేదనే రాస్తావు. ఇదీ అలాగే వస్తుందనుకున్నాను. ఏమీ లేని నెత్తురు ఎవరిదైతేనేం అనుకున్నాను. ఆవిడ పంతం ఆవిడకి దక్కుతుంది, డాక్టరుగారి బాటిల్ ఆయనకి దక్కుతుంది, ఎవరికీ నష్టం లేదనుకున్నాను."

"సరే, అనుకున్నావు. నిన్న మూడింటికి నేను వార్డుకి ఫోను చేసి క్రిమి పెరిగిందని చెప్పినప్పుడు ఎత్తింది నువ్వే కదా?"

"నువ్వే కదా? ఎవరి క్రిమో నీకు అప్పుడే తెలిసింది కదా?"

"తెలిసింది."

సుప్రియ గోడ గడియారం వైపు చూసింది. పది అయింది. "పంతొమ్మిది గంటలత్తా. పంతొమ్మిది గంటలు ఆ పిల్ల అక్కడ, మందు ఇక్కడ. నువ్వు మధ్యలో కూర్చుని ఏం చేస్తున్నావు?"

"ప్రార్థన చేశాను." అంది సత్యవతి. "కన్ను మూయలేదే. మోకాళ్ళ మీదే ఉన్నాను. చూడు, ఎలా కమిలిపోయాయో."

"ఫోను చెయ్యడానికి మోకాళ్ళు అక్కర్లేదు."

సత్యవతి దెబ్బ తిన్నట్టు తలెత్తింది. ఆ కళ్ళలో నీళ్ళతోపాటు కోపం కూడా వచ్చింది. మూలకి తోస్తే ఎవరికైనా వస్తుంది.

"నన్ను హంతకురాలిలా చూడకు సుప్రియా! నేను ఆ రోజు దాన్ని పొడవకపోతే దానికి రోగం ఉందనే ఎవరికీ తెలిసేది కాదు. దానికి ఏ డాక్టరూ పరీక్ష రాయలేదు. కామెర్లు తగ్గేయి, తీసుకుపొమ్మన్నారు, అంతే! నేను చేసిన పాపం వల్లే కదే ఇవాళ నీకు ఆ రోగం పేరు తెలిసింది!"

సుప్రియ ఆ మాట కొట్టెయ్యలేకపోయింది. ఎందుకంటే అది నిజం. ఆ పిల్ల బతికే దారి ఏదైనా ఉంటే అది సత్యవతి దొంగసూది వేసిన దారే. దేవుడు ఇలాంటి దారులు కూడా వేస్తాడా అని ఆమెకి దేవుడి మీద కోపం వచ్చింది. ఆ దారిని పంతొమ్మిది గంటలు మూసిపెట్టినందుకు అత్త మీద అంతకు రెట్టింపు కోపం వచ్చింది.

"అయితే ఆ మాట వాళ్ళకే చెప్పు," అంది. "నీ ఫోను తియ్యి. రిజిస్టర్లో నంబరుంది. ఇప్పుడే చెయ్యి. ఉన్నపళంగా పిల్లని తీసుకుని బయల్దేరమను."

"నువ్వు చెయ్యి తల్లీ. నా వల్ల కాదు."

"నువ్వే చెయ్యాలి. వాళ్ళకి నేనెవరు? నీ మాట అయితే వింటారు. స్పీకర్‌లో పెట్టు."

అది కూడా క్రూరమే. అత్త గొంతు వణకడం తన చెవులతో తను వినాలని సుప్రియకి ఉంది. లేదని మనం అబద్ధం చెప్పుకోవద్దు.

సత్యవతి ఫోను తీసి బల్ల మీద పెట్టింది, నంబరు సుప్రియే నొక్కింది. నాలుగు సార్లు మోగాక అవతల ఆడగొంతు పలికింది.

"హలో, ఎవరండీ?"

"నేనమ్మా కరుణా. సత్యవతి సిస్టర్ని."

"అమ్మగారా! వందనాలండీ! మీరే ఫోను చేసేరా! మా అత్తగారితో ఇప్పుడే అంటున్నానండీ మీ గురించి." గొంతులో సంతోషం పొంగుతోంది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మొగుడు దీపక్ రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు.

"పాప ఎలా ఉందమ్మా?"

"చాలా బాగుందండీ. వచ్చేటప్పుడు మీరు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేరు కదండీ, ఆ మహిమేనండీ. ఇంటికొచ్చినకాణ్ణించీ ఒక్కసారి ఏడిస్తే ఒట్టండీ! పక్కింటివాళ్ళు కూడా, ఈ ఇంట్లో చంటిపిల్ల ఉందా అని అడుగుతున్నారండీ. ఇంత బుద్ధిమంతురాల్ని ఎక్కడా చూళ్ళేదంటున్నారండీ మా అత్తగారు."

సత్యవతి కళ్ళు మూసుకుంది. సుప్రియ కాగితం మీద 'పాలు' అని రాసి ఆమె ముందుకు తోసింది.

"పాలు తాగుతోందా అమ్మా?"

"నిన్న సాయంత్రం కొంచెం చప్పరించిందండీ. తెల్లారగట్ల నోట్లో పెడితే పెదవి కదపలేదండీ. నిద్రమత్తులో ఉంది, లేపకు అన్నారు మా అత్తగారు. లేపలేదండీ."

సుప్రియ 'ఒళ్ళు' అని రాసింది. పెన్ను కాగితం చింపేసింది.

"ఒళ్ళు ఎలా ఉంది? వేడిగా ఉందా?"

"అయ్యో, జ్వరం లేదండీ. చల్లగా ఉందండీ. కాళ్ళూ చేతులూ మరీ చల్లగా ఉంటే మేజోళ్ళు తొడిగేను. రంగు కూడా మారిందండీ. ఆ పసుపంతా పోయి కొంచెం బూడిదరంగు తిరిగింది. లైటు కింద పెట్టించేరు కదండీ మీరు, కామెర్లు తగ్గిపోయినట్టున్నాయండీ."

సుప్రియ రెండు చేతులతో బల్ల పట్టుకుంది. వైద్యపు పుస్తకంలో ఒక పేజీని ఆ పిల్ల తల్లి పండగ కబురులా చదివి వినిపిస్తోంది. సుప్రియ పెదవులు కదిపి, శబ్దం రాకుండా, 'రమ్మను, ఇప్పుడే రమ్మను' అంది. సత్యవతి తలూపింది. గొంతు సవరించుకుంది.

"కరుణా, నేను చెప్పేది జాగ్రత్తగా విను తల్లీ..."

అప్పుడే తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో మంగాయమ్మగారు నిలబడి ఉన్నారు. జరీ అంచు నేతచీర, మెడలో రెండు పేటల గొలుసు, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. పొద్దుట్నుంచీ ఆసుపత్రంతా పంచుకుంటూ వస్తున్నారు. ఆవిణ్ణి చూడగానే సత్యవతి స్టూలు మీంచి లేచి నిలబడింది. లేవాలని లేవలేదు. యాభై ఎనిమిదేళ్ళుగా ఆ కాళ్ళకి అదే అలవాటు.

ఫోనులోంచి కరుణ, "చెప్పండమ్మగారూ," అంది.

సత్యవతి మంగాయమ్మగారి మొహం చూసింది. ఫోను వంక చూసింది.

"ఏం లేదమ్మా," అంది. "పడుకోనీ. నిద్ర మంచిదే."

"ఆయ్, అలాగేనండీ! ఫోను మోగితే ఉలిక్కిపడుతుందేమో, దీని సౌండు తీసేస్తానండీ. ఉంటానండీ అమ్మగారూ."

ఫోను ఆగిపోయింది.

సుప్రియకి ఒక క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక తన ఫోను లాక్కుని అదే నంబరు నొక్కింది. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మోగింది. ఏ బల్ల మీదో బోర్లా పడుకుని, చప్పుడు చెయ్యకుండా వెలిగి ఆరిపోతూ ఉంటుంది ఆ ఫోను.

"ఏమ్మాయ్, మా వాడి రోగం కనిపెట్టింది నువ్వేనటగా?" మంగాయమ్మగారు లోపలికి వచ్చి, డబ్బా తెరిచి, ఒక పూతరేకు సత్యవతి చేతిలో పెట్టారు. ఇంకొకటి తీసి సుప్రియ వైపు చాపారు. "తీసుకో. నెయ్యి మా ఇంటిదే. నిన్నట్నుంచీ మావాడు పాలు ఎలా తాగుతున్నాడనుకున్నావు! ఎవరికి, అంత తొందరగా ఫోను?"

సుప్రియ చెయ్యి చాపలేదు. మూడోసారి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోను బల్ల మీద పెట్టింది. అది మోగుతుండగా ఆవిడ కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"మీ మనవడికి బదులు నెత్తురిచ్చిన పిల్లకండి. మంగళవారం తీసింది దాని నెత్తురు. మీ వాడికి ఏ రోగమూ లేదు. రోగం దానిది."

ఆవిడ అదిరిపడుతుందని, డబ్బా జారవిడుస్తుందని సుప్రియ అనుకుంది. మంగాయమ్మగారు డబ్బా మూత పెట్టి, నొక్కి చూసుకున్నారు.

"తెలుసు," అన్నారు.

"ఏం తెలుసండీ?"

"మా వాడిది కాదని తెలుసు గనకే నిన్న నాకు కంటి మీదికి కునుకొచ్చింది. మూడు పిండాలు పోగొట్టుకున్న ఇల్లమ్మా మాది. వాడికి రోగం అని నిజంగా నమ్మితే నేను ఊరంతా మిఠాయి పంచుతానా?" ఆవిడ గొంతులో ఎక్కడా తొణుకు లేదు. "ఆ ఉయ్యాల చూపించింది నేనే. ఆ మూలనున్న పిల్ల నెత్తురు తీసుకుపో, ఎవరడుగుతారు అన్నాను. సత్యవతి చెప్పలేదా?"

సుప్రియ అత్త వైపు తిరిగింది. సత్యవతి చెప్పలేదు. నేరమంతా నెత్తిన వేసుకుంది గాని, ఆ ఇంటి పేరు మాత్రం నోట రానివ్వలేదు. పట్టుబడిన తర్వాత కూడా ఆవిణ్ణే కాపాడుకొచ్చింది. చేతిలో పూతరేకు నలిగి, పొడి నేల మీద రాలుతోంది.

"మీ వాడికి అక్కర్లేని మందు ఎక్కుతోందండీ. కిడ్నీలు పోతాయి. చెవులు పోతాయి."

"ఎక్కువైన మందు ఉచ్చలో పోతుందిలే. మధ్యాహ్నం డాక్టరుగారితో చెప్పి ఆపించుకుంటాను. దానికి కారణం మాత్రం ఇది కాదు." మంగాయమ్మగారు గోడవార ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాగారు. మంగళవారం వార్డు గుమ్మంలో వేసుకున్నట్టే ల్యాబు తలుపుకి అడ్డంగా వేసి, చీర సర్దుకుని కూర్చున్నారు. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నారు. "రేపు మా వంశం బతికింది ఇంకొకళ్ళ పిల్ల నెత్తురుతో అని ఊరు చెప్పుకుంటే నేను తలెత్తుకోలేను. ఆ పలక కడిగేసేయ్. ఆ ట్యూబు నా చేతిలో పెట్టు. తర్వాత వెళ్దువుగాని."

"అక్కడ పిల్ల చచ్చిపోతోందండీ!"

"నువ్వు వైద్యురాలివా, ఇక్కడ కూర్చుని చెప్పడానికి? ఇప్పుడే కదా మీ అత్త పడుకోనీ, నిద్ర మంచిదే అంది. నేను విన్నాను."

సుప్రియ స్కూటీ తాళాలు తీసుకుంది. ట్యూబు కోటు జేబులో వేసుకుని పైన చెయ్యి ఆనించింది. అడుగు ముందుకు వేసి ఆగింది. డెబ్బై ఏళ్ళ మనిషిని తోసేసి వెళ్ళడం పెద్ద పనేం కాదు. కాని కాట్రేనికోన దాకా వెళ్ళాక, సిస్టరు పడుకోనిమ్మంది కదా అని ఆ ఇంటివాళ్ళు పిల్లని ఇవ్వకపోతే? తనెవరో వాళ్ళకి తెలియదు. వాళ్ళు నమ్మేది ఒకే ఒక్క మనిషిని. ఆ మనిషి ఇక్కడ, ఈ కుర్చీకి ఇవతల, నలిగిన పూతరేకు పట్టుకుని నిలబడి ఉంది.

"అత్తా, నువ్వు నాతో రావాలి," అంది సుప్రియ. "ముందు ఆవిణ్ణి లేవమను."

సత్యవతి పెదవులు విడివడ్డాయి. మంగాయమ్మగారు ఆమె వైపు తిరిగి, ఏమంటుందో విందామన్నట్టు, తల కొంచెం పక్కకి వంచారు.

బల్ల మీద ఫోను మోగి మోగి ఆగిపోయింది.